నమూనా గదిలో అసలు గెస్టు

ఆ రోజు పొద్దున బాబాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వేళకు శిక్షణ కేంద్రానికి చేరుకోవాలి, పెద్ద హోటల్ నుంచి వచ్చే మనిషి ముందు పళ్ళు కనబడేలా నవ్వాలి, ఉద్యోగం సంపాదించుకోవాలి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాలి. ఇంతకంటే పెద్ద పథకాలు ఆయన గతంలో వేసి చూశాడు. అవేవీ భోజనం వేళ దాకా కూడా నిలవలేదు.

క్లాసులో మిగతావాళ్ళంతా ఇరవై దాటీ దాటని పిల్లలు. ఈయనొక్కడికే నలభై ఎనిమిది. అందుకని అందరికీ బాబాయ్ అయిపోయాడు. అంతకుముందు చాలా ఏళ్ళు బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేశాడు. ఇప్పుడు బస్సులు కంపెనీలోంచే కిటికీలతో, కర్టెన్లతో సహా పుట్టి వస్తున్నాయి. షెడ్డు మూతపడింది. ఆ బస్సుల్లోనే జనం ఊళ్ళు చూడడానికి తిరుగుతున్నారు కాబట్టి భవిష్యత్తంతా టూరిజందేనని బావమరిది తేల్చేశాడు. బావమరిదికి భవిష్యత్తు మీద ఎప్పుడూ గట్టి నమ్మకమే. ఎందుకంటే అది ఎప్పుడూ ఇంకొకళ్ళ భవిష్యత్తు.

"ఏదీ, నవ్వండి చూద్దాం," అంది భార్య, తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ.

"పొద్దున్నే ఎందుకే?"

"మీ మేష్టారు చెప్పలేదూ, అద్దం ముందు నిలబడి నవ్వు సాధన చెయ్యమని? ఈ వయసులో నవ్వడం నేర్చుకుంటున్న మనిషి మా ఇంటావంటా లేడు."

బాబాయ్ నవ్వాడు. ఆమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి కాసేపు పరీక్షగా చూసింది.

"కొంచెం తగ్గించండి. కాలు తలుపులో ఇరుక్కున్నవాడిలా ఉన్నారు."

చొక్కా అందించాక కూడా ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. గుండీలు కుట్టాల్సిన రెడీమేడ్ బట్టల మూట ఆమె కోసం మూలన కాచుకుని ఉంది. అయినా నిలబడింది.

"ఏవండీ, ఇవాళ కూడా కాకపోతే... తమ్ముడు గోడౌను వాళ్ళతో మాట్లాడి ఉంచాడు. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పమంటున్నారు. కాపలా అయితేనేం, పని పనే గదా?"

"ఆ గోడౌను ముందు స్టూలు ఒకటుంటుంది, చూశావా? ఇంతకుముందు కూర్చున్నాయన దాని మీదే పోయాడు."

"ఆయనకి డెబ్బై ఏళ్ళండీ."

"స్టూలు మీద కూర్చున్నాక ఎవరికైనా డెబ్బయ్యే," అని బాబాయ్ చెప్పులేసుకున్నాడు.

శిక్షణ కేంద్రం ఒక పరుపుల దుకాణం మీద ఉంది. దుకాణానికీ, కేంద్రానికీ యజమాని ఒక్కడే. మేడ మీద వాటా ఎంతకీ అద్దెకు పోకపోయేసరికి, ఆతిథ్య రంగం బాగా పెరుగుతోందని ఎవరో చెప్పగా విని అక్కడ శిక్షణ పెట్టించాడు. బయట పెద్ద బోర్డు ఉంది. దాని మీద ఏడంతస్తుల హోటలు, ముందు ఫౌంటెను, చేతిలో తాళంచెవి పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి. శిక్షణ అన్న మాట కూడా ఉంది కానీ అది అడుగున, కరెంటు మీటరు వెనక్కి పోయింది.

లోపల ఒక నమూనా గది ఉంది. అందులో మంచం, మంచం మీద కింది దుకాణం నుంచి తెచ్చి వేసిన పరుపు. పాఠం అయ్యాక అమ్మకానికి పోతుంది కాబట్టి దాని ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వరు. బల్ల మీద ఒక టెలిఫోను. దాని తీగ గోడ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. గెస్టు ఫోనెత్తినప్పుడు ప్లైవుడ్ గోడ అవతల ఒక అమ్మాయి కూర్చుని "హలో" అంటుంది. ఇక స్నానాలగది. కుళాయి తిప్పితే తిరుగుతుంది, అంతకుమించి దాన్నుంచి ఏమీ ఆశించకూడదు. తెల్లటి కమోడు ఒకటి నేలకు బోల్టులతో బిగించి ఉంది. దాని కింద పైపు లేదు. ఎప్పుడో పైపు వేద్దామని కొట్టిన కన్నం మాత్రం ఉంది, దానికి గోనెగుడ్డ కుక్కారు. ఎవరూ వాడని ఆ కమోడును విద్యార్థులు రోజూ వంతులవారీగా తుడుస్తారు. ఊళ్ళో అంత శుభ్రమైన కమోడు మరొకటి ఉండదు.

పాఠాలు చెప్పేది కోటు మేష్టారు. ఎండాకాలం కూడా ఆ కోటు విప్పగా చూసినవాళ్ళు లేరు. ఆయన పాఠమంతా ఒక్క సూత్రం మీద నడిచేది. గెస్టుతో "లేదు" అనకూడదు, "కాదు" అనకూడదు, "తెలియదు" అనకూడదు.

"నీళ్ళు రావడం లేదని గెస్టు అరిచాడనుకోండి," అనేవాడు ఆయన. "ఏమంటారు?"

"కరెంటు లేదండి, మోటారు తిరగదు," అని మొదటివారంలో బాబాయ్ జవాబు చెప్పాడు.

"అయిపోయావు బాబాయ్! ఉద్యోగం పోయింది. 'నీళ్ళు మీ కోసం బయలుదేరాయి సర్' అనాలి. ఆశ కల్పించడమే ఆతిథ్యం."

పరీక్షలో ఈ మూడు మాటల్లో ఏ ఒక్కటి నోరుజారినా ఆ మనిషిని ఉద్యోగానికి పంపరు. బాబాయ్ నోరు ఇప్పటికే చాలాసార్లు జారింది. బస్సులకు అతుకులేసిన మనిషికి, విరిగినదాన్ని విరిగింది అనడం అలవాటు. ఈసారి పెద్ద హోటల్లో ఖాళీ ఒక్కటే ఉంది. "ఇవాళ ఒక్కసారి జారినా అంతే సంగతులు," అని మేష్టారు ముందురోజే చెప్పేశాడు.

బాబాయ్ వెళ్ళేసరికి కోటు మేష్టారు పూలగుత్తి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. వెనక మిగతా విద్యార్థులు.

"మేం కూడలిలో నిలబడి హోటలువాళ్ళకి స్వాగతం చెబుతాం. నువ్వూ, టెలిఫోను అమ్మాయీ గది చూసుకోండి."

"నేనూ వస్తా గదండీ, స్వాగతానికి?"

"పూలగుత్తి పక్కన నీ మొహం బాగోదు బాబాయ్, ఏమనుకోకు. ఇంకో సంగతి. ఈ హోటలువాళ్ళు మహా గడుసువాళ్ళు. ఒక్కోసారి మన కళ్ళుగప్పి మామూలు గెస్టులా వచ్చేస్తారు. చిరాకు పడతారు, కసురుతారు, అదంతా పరీక్షే. పైకి ఎవరొచ్చినా గెస్టే అనుకో. లొంగకు."

వాళ్ళలా వెళ్ళారో లేదో, చక్రాల పెట్టె మెట్ల మీద దడదడలాడించుకుంటూ ఒక మనిషి పైకొచ్చాడు. భారీ మనిషి. చొక్కా నలిగింది, కళ్ళు ఎర్రబడ్డాయి, నుదుటిమీద చెమట. నిజానికి ఆయన రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన ప్రయాణికుడు. దారిలో ఎక్కడో తిన్నది పొట్టలో తిరగబడింది. దిగగానే ఏడంతస్తుల హోటలు బొమ్మ కనబడింది. ఇంకేమీ ఆలోచించే స్థితిలో ఆయన లేడు.

"రూముందా?"

ఇతనే హోటలు మనిషి అనుకున్నాడు బాబాయ్. వెంటనే నవ్వు తగిలించాడు. "మీ కోసమే ఎదురుచూస్తోందండి!"

"ముందు చూపించు. రాతకోతలన్నీ తర్వాత. అర్జెంటు."

ఎంత సహజంగా నటిస్తున్నాడో అనుకున్నాడు బాబాయ్. పెట్టె అందుకుని నమూనా గదిలోకి తీసుకెళ్ళాడు. గెస్టు మంచం మీద చెయ్యి వేస్తే అది కరకరలాడింది.

"ఈ ప్లాస్టిక్ ఏమిటయ్యా?"

"దీని మీద మొట్టమొదట పడుకునేది మీరేనండి. అందుకు గుర్తు."

మనిషికి నచ్చినట్టే ఉంది. తలూపాడు. ఊపుతూనే స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు.

బాబాయ్ తలుపు ముందు కొయ్యబారిపోయాడు. చూసి వచ్చేస్తాడులే, కుళాయి మీద దుమ్ముందేమో వేలితో రాసి చూస్తాడులే అనుకున్నాడు. లోపలినుంచి వచ్చిన శబ్దాలు మాత్రం దుమ్ము చూసే మనిషివి కావు. ఇంత లోతుగా పరీక్ష చేస్తారని కోటు మేష్టారు చెప్పనేలేదు. అది నమూనా అండి, అందులో కూర్చోకూడదండి, కింద పైపు లేదండి అని అరుద్దామని నోరు తెరిచాడు. ఆ "లేదు" దగ్గరే పాఠం గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు. ఆయన కళ్ళ ముందు గోడౌను స్టూలు కదిలింది.

"ఏమయ్యా!" లోపలినుంచి కేక. "నీళ్ళు రావడం లేదు!"

"బయలుదేరాయండి!"

"ఎక్కణ్ణుంచి?"

దానికి పాఠంలో జవాబు లేదు. బాబాయ్ రెండు బకెట్లు పట్టుకుని వీధి అవతలి టీకొట్టు దగ్గరికి పరుగెత్తాడు.

"మీకు నీళ్ళెందుకు బాబాయ్?" అన్నాడు టీకొట్టాయన, పంపు వదులుతూ. "మీది చూసుకునే బాత్రూమే గదా?"

"ఇవాళ వాడుతున్నారు."

టీకొట్టాయన గరిట ఆపాడు. "ఎవరు?"

"పరీక్ష చేసేవాళ్ళు."

"ఏం పరీక్ష చేస్తున్నారు?"

"అన్నీ," అని బాబాయ్ బకెట్లెత్తాడు.

తలుపు సందులోంచి మొదటి రెండు బకెట్లు లోపలికి వెళ్ళాయి. గలగలమని చప్పుడైంది. గోనెగుడ్డ వాటితోనే ఓడిపోయింది. కానీ ఆ సంగతి గెస్టుకు తెలియదు. ఆయన ప్రాణం ఇప్పుడిప్పుడే లేచి వస్తోంది.

"ఎలాగూ తడిశాను, స్నానం కూడా చేసేస్తా. ఇంకో నాలుగు బకెట్లు పట్రా!"

బాబాయ్ తెచ్చాడు. బకెట్టుకో మార్కు అనుకుంటూ తెచ్చాడు. తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోయింది, మోచిప్పలు కలుక్కుమంటున్నాయి. అయినా మెట్లెక్కేటప్పుడు కూడా నవ్వుతూనే ఎక్కాడు. దారిన పోయేవాళ్ళు పాపం అనుకున్నారు.

స్నానం అయ్యాక గెస్టు తువ్వాలు కోసం చూశాడు. మంచం మీద హంస ఆకారంలో మడిచిన తువ్వాలు ఒకటి ఉంటుంది. రోజూ మడవలేక, టెలిఫోను అమ్మాయి దాని మెడను దారంతో కుట్టేసింది. గెస్టు దాన్నే చుట్టుకున్నాడు. హంస మెడ ముందుకు పొడుచుకొచ్చింది. ఆ అవతారంలోనే మంచం మీద కూర్చుని ఫోనెత్తాడు.

"హలో సర్, శుభోదయం," అంది ప్లైవుడ్ గోడ.

గెస్టు రిసీవరు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. "తాగడానికి నీళ్ళు పంపమ్మా."

"తప్పకుండా సర్."

"నువ్వు గోడ వెనకనుంచి మాట్లాడుతున్నావు గదూ?"

"మీకు దగ్గరగా ఉండడమే మా ధ్యేయం సర్."

గెస్టు రిసీవరు మెల్లగా పెట్టేశాడు. అదే సమయంలో కింద, పరుపుల యజమాని ఒక పెద్ద బేరంలో ఉన్నాడు. ఏదో వసతిగృహం తాలూకు మనిషి గదులన్నిటికీ పరుపులు కొనడానికి వచ్చాడు. అన్నిటికంటే మంచి పరుపు మీద అరచెయ్యి వేయించి, "నొక్కి చూడండి, మబ్బు మీద చెయ్యేసినట్టుండదూ?" అంటున్నాడు యజమాని. ఆ మబ్బు మీద టప్పున ఒక బొట్టు పడింది. తర్వాత ధార పడింది. కొనేవాడు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

యజమాని మెట్లన్నీ రెండంగల్లో ఎక్కాడు.

"ఎవడ్రా పైన! నా కొంప ముంచింది ఎవడ్రా!"

బాబాయ్ ఖాళీ బకెట్టుతో అడ్డం పడ్డాడు. "మెల్లగా అండీ! లోపల గెస్టున్నారు."

"గెస్టా? మనకి గెస్టులేమిటయ్యా! మనం గెస్టుల గురించి చెప్పేవాళ్ళం!"

అరుపులకు గెస్టు హంసతో సహా బయటికి వచ్చాడు. ఆయన కోపం కూడా అప్పటికి స్నానం చేసి తాజాగా ఉంది. "ఇదేం హోటలయ్యా? కుళాయిలో చుక్క రాదు, గోడలు మాట్లాడతాయి, మెట్ల మీద ఎవడో బూతులు తిడతాడు! ఇదిగో, నిన్నే. ఇందాకట్నుంచీ బయలుదేరాయి, బయలుదేరాయంటున్నావు. అసలు ఈ గదికి నీళ్ళున్నాయా లేవా? ఒక్క మాట చెప్పు!"

బాబాయ్ నవ్వాడు. అది భార్య తగ్గించమన్న నవ్వే, కానీ తగ్గించే ఓపిక ఇప్పుడు లేదు. ఒక పక్క గెస్టు, ఒక పక్క యజమాని. మెట్ల మీద భుజానికి సంచీ తగిలించుకుని ఎవరో ఒకావిడ, పైకి రావాలా వద్దా అని ఆగి చూస్తోంది. ఎవరైతేనేం. చేతిలో బకెట్టు, వీపు మీద తడి, మూడు నెలలుగా మింగిన మాటలు. అన్నీ కలిసి ఒక్కసారే పైకొచ్చాయి.

"లేవు!" అన్నాడు బాబాయ్. "నీళ్ళు లేవు. కుళాయికి పైపు లేదు. మీరు కూర్చున్నదానికి అడుగే లేదు. ఆ ఫోనుకి లైను లేదు. ఇది గది కాదు, హోటలు కాదు, ఆ పరుపు మాది కాదు. ఇంకేం లేవో నాకు తెలియదు. టీకొట్టు దగ్గర పంపుంది, అదొక్కటే నిజం. మార్కులు వెయ్యకపోతే వెయ్యకండి!"

"మార్కులేమిటి?" అన్నాడు గెస్టు. "నేను మా పెద్దమ్మగారి ఆపరేషనుకి వచ్చాను."

కింద ధార పడుతున్న చప్పుడు పైదాకా స్పష్టంగా వినిపించింది.

అప్పుడొచ్చాడు కోటు మేష్టారు, వాడిపోయిన పూలగుత్తితో. కూడలిలో నిలబడి నిలబడి, ఎవరూ రాకపోయేసరికి విద్యార్థులను అక్కడే వదిలి వచ్చాడు. పెద్దమ్మగారి ఆపరేషను మాట ఆయన మెట్లెక్కుతూనే విన్నాడు. మెట్ల మలుపులోనే ఆయన ముక్కుకు సగం సంగతి తెలిసిపోయింది, మిగతా సగం హంసను చూస్తే తెలిసింది. ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, తెరిచి, నేరుగా గెస్టు దగ్గరికి వెళ్ళి పూలగుత్తి చేతిలో పెట్టాడు.

"ప్రయాణంలో అలసిపోయారు. మీలాంటివారు మా మెట్లెక్కి రావడం మా అదృష్టం. మీకింకా మంచి గది ఆస్పత్రి పక్కనే సిద్ధంగా ఉంది, పెద్దమ్మగారికి కూడా దగ్గర. ఇక్కడ మీకు విశ్రాంతి మాత్రమే ఇద్దామనుకున్నాం. మావాడు ఆ మాట చెప్పలేకపోయాడు, మనసు మంచిది, మాట మోటు." ఆ వెంటనే యజమాని వైపు తిరిగాడు. "అయ్యా, పెద్దమనసు మీది. ఆపదలో ఉన్న మనిషికి మీ పైకప్పు అడ్డం పడింది. ఇది ఎంతమందికి దక్కుతుంది?"

ఆస్పత్రి పక్కన ఏ గదీ సిద్ధంగా లేదు. అయినా రెండు నిమిషాలు తిరక్కుండానే గెస్టు, "నాదే తొందరపాటండీ, అడక్కుండా వాడేశాను," అని క్షమాపణ చెప్పుకుంటున్నాడు. యజమాని, ఎందుకు మోస్తున్నాడో తనకే తెలియకుండా, ఆయన చక్రాల పెట్టె మోసుకుని మెట్లు దిగుతున్నాడు. హంస కూడా గెస్టుతోనే వెళ్ళిపోయింది.

మెట్ల మీది ఆవిడ పైకొచ్చింది. "నేను హోటల్ నుంచి వచ్చాను. కూడలిలో పూలగుత్తితో ఎవరో నిలబడ్డారు, పెళ్ళివారేమో అనుకుని పక్కసందులోంచి వచ్చేశాను," అంది. తర్వాత కోటు మేష్టారినే చూస్తూ, "మీరు ఏ హోటల్లో చేశారు?" అని అడిగింది.

కోటు మేష్టారు మొదటిసారి తడబడ్డాడు. "పన్నెండేళ్ళుగా పాఠాలు చెబుతున్నానండి. పిల్లల్ని... గేటు దాకా దింపి వస్తుంటాను."

"లోపలికి వస్తారా? గెస్టుల ఫిర్యాదులు చూసుకునే పని. మాకు రోజూ ఇలాగే ఉంటుంది."

ఆమె మాట పూర్తికాకముందే ఆయన తలూపాడు. బాబాయ్ బకెట్టు కింద పెట్టి ముందుకొచ్చాడు.

"అమ్మా, నీళ్ళు మోసింది నేను."

"చూశానండీ," అందామె. గొంతులో వెటకారమేమీ లేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. "నిజం కూడా చెప్పారు. గెస్టు నిజం అడిగినప్పుడు చెప్పేసేవాళ్ళతో మాకు కష్టం."

"మేష్టారూ! మరి మా సంగతి?" అన్నాడు బాబాయ్.

కోటు మేష్టారు మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. పన్నెండేళ్ళ తర్వాత గేటు దాటబోతున్న మనిషి. అయినా పాఠం మరిచిపోలేదు. "నీ అవకాశం నీ కోసం బయలుదేరింది బాబాయ్," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా బాబాయ్ నేల తుడిచాడు. ఎవరూ చెప్పలేదు, ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక తుడిచాడు. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. పరుపుల యజమాని పైకొచ్చి, తడి ఆరిన చోటు చూసుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"సోమవారం నుంచి కొత్త బ్యాచి వస్తోంది. చేరినవాళ్ళని వెనక్కి పంపలేను. పాఠం చెప్పడానికి ఎవడో ఒకడు నిలబడాలి."

"హోటల్లో పనిచేసినవాళ్ళెవరినైనా చూడండి."

"వాళ్ళయితే అక్కడేం జరుగుతుందో చెప్పేస్తారు. పిల్లలు మర్నాడే పారిపోతారు. నువ్వయితే మంచి. నీకేం తెలీదు."

బాబాయ్ చాలాసేపు ఆలోచించాడు. ఆలోచించడానికి ఏమీ లేకపోవడం వల్ల అంత సేపు పట్టింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య గుండీల మూట ముందు కూర్చుని ఉంది. మొగుడి చొక్కా చూసి, మొహం చూసి, చొక్కా గురించి అడగలేదు.

"కాలేదా?"

"అయింది."

"పెద్ద హోటల్లోనా?"

"దానికి మనుషుల్ని తయారుచేసే చోట. మేష్టరీ."

ఆమె చేతిలో సూది ఆగింది. ఒక్కసారిగా నవ్వింది, ఏ అద్దం ముందూ సాధన చేయని నవ్వు. "మేష్టరా! మా తమ్ముడు చెప్పలేదూ, ఈ లైనులో ఎదుగుదల ఉంటుందని? చేరి మూడు నెలలే అయింది, అప్పుడే మేష్టరు! గోడౌనువాళ్ళకి వద్దని చెప్పించెయ్యనా?"

"చెప్పించు," అన్నాడు బాబాయ్, తడి చొక్కా విప్పుతూ. ఆమె సంబరం చూస్తుంటే ఇంకో మాట అనబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆయన బాబాయ్ మేష్టారు. క్లాసులో ఆయన పెద్ద హోటలు వర్ణించడం మొదలుపెడితే పిల్లలు ఊపిరి బిగపట్టి వింటారు. అడుగు పడితే మునిగిపోయే తివాచీలు, చప్పుడు లేకుండా తెరుచుకునే లిఫ్టులు, పొద్దుటి ఎండ పాలరాతి మీద పరుచుకునే తీరు, అన్నీ కళ్ళకు కట్టినట్టు చెబుతాడు. అంత బాగా చెప్పగలగడానికి కారణం, ఆయన ఇంతవరకూ లోపలికి వెళ్ళకపోవడమే.